పిండి తీసిన తల్లిపాలు

తల్లి రొమ్ము నుండి చేతితో గాని, పంపు సహాయంతో గాని శుభ్రమైన పాత్రలోకి తీసి, తరువాత శిశువుకు పట్టే పాలను పిండి తీసిన తల్లిపాలు అంటారు. తల్లీబిడ్డలు ఒకే చోట లేనప్పుడు, శిశువు రొమ్ము పట్టి చీకలేనప్పుడు, తల్లి పనికి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఈ పద్ధతిని అనుసరిస్తారు. ఈ పాలు సురక్షితంగా ఉండడం ముఖ్యంగా మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది: తీసేటప్పటి శుభ్రత, నిల్వ ఉంచిన చోటి చల్లదనం, గడచిన సమయం. వెచ్చబెట్టడం ఈ మూడింటి తరువాతి పని. పాల చల్లదనం విరవడమే దాని ప్రయోజనం. చెడిన పాలను అది బాగుచేయదు. ఆవుపాలను, గేదెపాలను కాచినట్లు తల్లిపాలను కాచకూడదు.

== అవసరం ఏర్పడే సందర్భాలు ==

శిశువు పుట్టిన గంటలోపు తల్లిపాలు మొదలుపెట్టాలనీ, మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా ఇవ్వనవసరం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. నేరుగా రొమ్ము పట్టించడమే ఉత్తమ మార్గం. అది వీలుకానప్పుడు తల్లి తన పాలను పిండి బిడ్డకు పట్టడం తరువాతి మార్గం. డబ్బాపాలు, గేదెపాలు ఆ స్థానానికి రావు.

2016 అక్టోబరు 11న తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పూర్వపు వరంగల్ జిల్లాలోని ప్రాంతాలతో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు అవతరించాయి. ఈ మూడు జిల్లాలలో పై అవసరం ప్రధానంగా మూడు విధాలుగా ఎదురవుతుంది.

* '''ఆసుపత్రి వల్ల దూరం:''' నెలలు నిండని శిశువును లేదా బరువు తక్కువగా పుట్టిన శిశువును పెద్ద వైద్యం కోసం వరంగల్‌కు పంపినప్పుడు, ఆపరేషన్ అయిన తల్లి కాన్పు జరిగిన ఊరిలోనే ఉండిపోవచ్చు. జిల్లా కేంద్రాల నుండి వరంగల్‌కు దూరం సుమారు 50 నుండి 70 కిలోమీటర్లు. అంత దూరం పాలను చెడకుండా తీసుకువెళ్ళవలసి ఉంటుంది.
* '''సిజేరియన్ కాన్పులు:''' 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన శిశువులు సుమారు 37 శాతం మాత్రమే. తల్లి లేచి కూర్చోలేని ఆ మొదటి గంటలలో సహాయకురాలి తోడ్పాటుతో ముర్రుపాలు పిండి చెంచాతో పట్టవచ్చు.
* '''పనికి తిరిగి వెళ్ళడం:''' పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి వెళ్ళే కూలీలు, ఆసుపత్రి నర్సులు, ఉపాధ్యాయినులు, విద్యుత్ కేంద్రాలలోను ఇతర సంస్థలలోను పనిచేసేవారు రోజులో ఎనిమిది గంటలకు పైగా బిడ్డకు దూరంగా ఉంటారు. బిడ్డ అమ్మమ్మ లేదా నాయనమ్మ చేతిలో ఉంటుంది. కాబట్టి పాలు వెచ్చబెట్టి పట్టే పద్ధతి తెలియవలసింది తల్లికి మాత్రమే కాదు, ఇంట్లోని పెద్దవారికి కూడా.

== పాలు తీయడం ==

పాలు తీసే ముందు చేతులను మోచేతుల వరకు సబ్బుతో బాగా కడుక్కోవాలి. గోళ్ళు కత్తిరించుకొని ఉండాలి. మిరప తోటలో పనిచేసి వచ్చినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. మిరపలోని కారపు పదార్థం కొవ్వులో కరుగుతుంది, నీటిలో దాదాపుగా కరగదు. అందువల్ల ఉత్త నీళ్ళతో కడిగితే అది చేతులను వదలదు. ముందు కొంచెం వంటనూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో రెండుమూడు సార్లు కడగాలి. పురుగుమందు చల్లిన పత్తి చేలో నుండి వచ్చినవారు స్నానం చేసి, బట్టలు మార్చుకున్న తరువాతే పాలు తీయాలి లేదా బిడ్డను ఎత్తుకోవాలి.

పాత్ర మూత ఉన్న స్టీలు గిన్నె గాని, గాజు సీసా గాని అయితే మంచిది. దానిని సబ్బుతో కడిగి, నీటిలో ముంచి పది నిమిషాలు మరిగించి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వాలి. మరిగించవలసినది పాత్రనే గాని పాలను కాదు.

చేతితో తీసేటప్పుడు బొటనవేలిని, చూపుడువేలిని చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనుక ఎదురెదురుగా ఉంచి, ముందు ఛాతీ వైపుకు నొక్కి, తరువాత వేళ్ళను దగ్గరకు తెచ్చి వదలాలి. చనుమొనను లాగడం, చర్మం మీద వేళ్ళు రుద్దడం వల్ల నొప్పి కలుగుతుందే గాని పాలు రావు. వేళ్ళను చుట్టూ జరుపుతూ అన్ని వైపుల నుండి తీయాలి. బిడ్డ దూరంగా ఉన్న తల్లి రాత్రి కూడా కలుపుకొని రోజుకు ఎనిమిది సార్లు పాలు తీస్తే ఉత్పత్తి తగ్గకుండా ఉంటుంది. మొదటి రెండు రోజులు కొన్ని చుక్కలు లేదా కొన్ని మిల్లీలీటర్లు మాత్రమే వస్తాయి. అవి ముర్రుపాలు. నవజాత శిశువు పొట్టకు ఆ కొద్ది పరిమాణమే సరిపోతుంది కనుక పాలు లేవని నిరాశపడి మానివేయరాదు.

== నిల్వ ==

ఆరోగ్యంగా ఉన్న, నెలలు నిండి పుట్టిన శిశువు కోసం ఇంట్లో నిల్వచేసే పాలకు సాధారణంగా పాటించే గడువులు ఇవి:

* గది ఉష్ణోగ్రత (25 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు తక్కువ): 4 గంటలు
* గడ్డకట్టిన ఐసుప్యాకులు ఉన్న మూత పెట్టె: 24 గంటలు
* రిఫ్రిజిరేటరు (4 డిగ్రీలు): 4 రోజులు
* డీప్ ఫ్రీజరు (మైనస్ 18 డిగ్రీలు): 6 నెలలలోపు వాడడం మంచిది
* ఫ్రీజరు నుండి తీసి, ఫ్రిజ్‌లో కరిగించిన పాలు: పూర్తిగా కరిగినప్పటి నుండి 24 గంటలు
* వెచ్చబెట్టిన పాలు: 2 గంటలలోపు
* బిడ్డ తాగగా మిగిలిన పాలు: తాగడం ముగిసిన 2 గంటలలోపు వాడాలి, తరువాత పారబోయాలి

ఆసుపత్రిలో ఉన్న నెలలు నిండని శిశువుకు గడువులు ఇంతకంటె తక్కువగా ఉంటాయి. అక్కడ ఆసుపత్రి నియమమే ప్రమాణం.

పాలను ఒక పూటకు సరిపడేటట్లు 60 నుండి 120 మిల్లీలీటర్ల చొప్పున చిన్న పాత్రలలో ఉంచాలి. పాత్ర మీద తేదీ, సమయం రాసి, ముందు తీసిన పాలను ముందు వాడాలి. అప్పుడే తీసిన వెచ్చని పాలను చల్లని పాలలో నేరుగా కలపరాదు, విడిగా చల్లార్చిన తరువాత కలపవచ్చు. ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా తలుపు అరలలోని ఉష్ణోగ్రత మారుతుంది. కాబట్టి పాలను లోపలి అరలో వెనుక వైపున ఉంచాలి. గడ్డకట్టినప్పుడు పాలు ఉబుకుతాయి కనుక ఫ్రీజరులో పెట్టే పాత్రను నిండుగా నింపకూడదు.

=== వేసవికాలం ===

పై పట్టికలోని మొదటి గడువును చదివేటప్పుడు 25 డిగ్రీలు అన్న మాటను విస్మరించకూడదు. వరంగల్ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల ఇంటిలోపల వేడి ఇంకా ఎక్కువ. అటువంటి గదికి నాలుగు గంటల గడువు వర్తించదు.

ఈ విషయంపై మార్గిట్ హమోష్, ఆమె సహచరులు 1996లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఉద్యోగం చేసే తల్లులు పాలను ఎంతసేపు నిల్వ ఉంచవచ్చునో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 15 డిగ్రీల వద్ద 24 గంటలు, 25 డిగ్రీల వద్ద 4 గంటలు పాలు సురక్షితంగా ఉంటాయనీ, 38 డిగ్రీల వద్ద అసలు నిల్వ ఉంచరాదనీ వారు తేల్చారు. వేసవి మధ్యాహ్నం ఈ జిల్లాలలోని సామాన్య గృహం ఆ మూడవ స్థితిలోనే ఉంటుంది. అందుచేత వేసవిలో తీసిన పాలను వెంటనే చల్లని చోట పెట్టాలి, లేదా వెంటనే బిడ్డకు పట్టాలి.

ఫ్రిజ్ లేని ఇంట్లో పాల పాత్రకు గట్టిగా మూతపెట్టి, ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో లేదా మూత పెట్టెలో ఉంచవచ్చు. మట్టికుండలోని నీటిలో పాత్రను నిలిపే పద్ధతి కూడా ఉన్నది. కుండ గోడల నుండి నీరు ఆవిరి అవుతూ లోపలి వేడిని కొంత తీసివేస్తుంది. గాలి పొడిగా ఉన్న రోజులలో ఇది బాగా పనిచేస్తుంది, వానాకాలంలో అంతగా పనిచేయదు. అయితే కుండ ఎంత చల్లగా తోచినా ఫ్రిజ్‌తో సమానం కాదు. అది గడువును రోజులకు పెంచదు. కుండలో ఉంచిన పాలను గంట రెండు గంటలలో పట్టివేయడమే క్షేమం. కుండలోని నీరు పాత్ర మూతను తాకకుండా చూడాలి.

కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరవకుండా ఉంచితే సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది. ఎంతసేపు పోయిందో తెలియనప్పుడు, లోపలి వస్తువులు చల్లగా లేనప్పుడు ఆ పాలను వాడకపోవడం మంచిది. ఫ్రీజరులోని పాలు పూర్తిగా కరిగిపోతే తిరిగి గడ్డకట్టించకూడదు.

=== ప్రయాణంలో ===

తల్లి ఒక ఆసుపత్రిలోను, బిడ్డ మరొక ఆసుపత్రిలోను ఉన్నప్పుడు పాలను ఐసుప్యాకులున్న పెట్టెలో పంపాలి. పాత్ర మీద తల్లి పేరు, పాలు తీసిన సమయం రాయాలి. బస్సులో చేతిసంచిలో వట్టిగా పెట్టి తీసుకువెళ్ళిన పాలు గమ్యం చేరేసరికి వాడదగినవిగా ఉండకపోవచ్చు. బయలుదేరే ముందే బిడ్డ ఉన్న విభాగంలోని నర్సును అడిగి, పాలు ఏ పాత్రలో ఏ సమయానికి తేవాలో తెలుసుకోవడం అవసరం.

== వెచ్చబెట్టడం ==

=== ఎందుకు కాచకూడదు ===

తెలుగు ఇళ్ళలో పాలు అంటే కాచి వాడేవి అన్న అలవాటు బలంగా ఉన్నది. పశువుల పాల విషయంలో ఆ అలవాటు సరియైనదే. పొదుగు మీది పేడ, మట్టి, పాలపాత్ర, అనేక పశువుల పాలు ఒకచోట కలవడం, కేంద్రం వరకు ప్రయాణం, వీటన్నింటి వల్ల ఆ పాలలో వ్యాధికారక క్రిములు చేరవచ్చు. తల్లిపాలు అలా కాదు. ఒక తల్లి నుండి ఆమె బిడ్డకే చేరే ఆహారమది. అందులో రక్షక ప్రతిదేహాలు, లాక్టోఫెర్రిన్, లైసోజైమ్ వంటి మాంసకృత్తులు, జీవకణాలు, కొవ్వును జీర్ణం చేసే లైపేజ్ అనే ఎంజైము ఉంటాయి. కాచినప్పుడు జీవకణాలు చనిపోతాయి, లైపేజ్ నశిస్తుంది, రక్షక పదార్థాలు చాలావరకు దెబ్బతింటాయి. మిగిలేది ఆహారమే గాని రక్షణ కాదు.

వేసవిలో చాలాసేపు బయట ఉన్న పాలను "ఒక పొంగు రానిచ్చి" పట్టవచ్చునా అన్న సందేహం సహజంగా కలుగుతుంది. పట్టకూడదు. కాచడం వల్ల క్రిములు చనిపోయినా, స్టెఫిలోకాకస్ వంటి క్రిములు అప్పటికే విడుదల చేసిన విషపదార్థాలు మరిగే వేడికి కూడా చెక్కుచెదరకపోవచ్చు. గడువు దాటిన పాలకు పొయ్యి మీద పరిష్కారం లేదు. వాటిని పారబోయవలసినదే.

=== పద్ధతి ===

# ఫ్రీజరులోని పాలను ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోని కింది అరలోకి మార్చి కరగనివ్వాలి. తొందరగా కావలసినప్పుడు మూత బిగించిన పాత్రను చల్లని నీటిలోను, తరువాత గోరువెచ్చని నీటిలోను ఉంచాలి.
# చేతులు కడుక్కొని, ఒక పూటకు కావలసిన పాలను మాత్రమే చిన్న స్టీలు గిన్నెలోకి లేదా గాజు పాత్రలోకి తీసుకోవాలి.
# వేరొక పెద్ద గిన్నెలో గోరువెచ్చని నీరు పోసి పొయ్యి మీది నుండి దించాలి. ఆ నీటిలో చేయి ఉంచగలిగేటంత వేడి మాత్రమే ఉండాలి.
# పాల పాత్రను ఆ నీటిలో నిలపాలి. నీటి మట్టం పాత్ర మూత కంటె కిందికి ఉండాలి. కొన్ని నిమిషాలు ఉంచి, నీరు చల్లారితే మార్చాలి.
# పైకి తేలిన మీగడ పాలలో కలిసేటట్లు పాత్రను మెల్లగా గుండ్రంగా తిప్పాలి.
# మణికట్టు లోపలి వైపున ఒక చుక్క వేసి చూడాలి. వేడిగా గాని, చల్లగా గాని తోచకపోతే పాలు శరీర ఉష్ణోగ్రతకు, అంటే సుమారు 37 డిగ్రీలకు వచ్చినట్లు. 40 డిగ్రీలు దాటనివ్వరాదు.

పాలను నేరుగా పొయ్యి మీద పెట్టకూడదు. అడుగున ఉన్న పాలు క్షణాలలో మరుగుతాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా వాడరాదు. అందులో పాలు ఒకే రీతిగా వేడెక్కవు. పైన గోరువెచ్చగా తోచిన పాల మధ్యభాగం బిడ్డ నోరు కాలేటంత వేడిగా ఉండవచ్చు. 1992లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో మైక్రోవేవ్‌లో అధికంగా వేడిచేసిన తల్లిపాలలో రక్షక గుణం బాగా తగ్గిపోయినట్లు, వేడిచేయని పాలతో పోల్చితే ఇ.కోలై క్రిమి వాటిలో 18 రెట్లు పెరిగినట్లు తేలింది.

వెచ్చబెట్టడం అనివార్యం కాదు. నెలలు నిండిన ఆరోగ్యవంతమైన శిశువు గది ఉష్ణోగ్రతలో ఉన్న పాలనైనా, ఫ్రిజ్ నుండి తీసిన పాలనైనా తాగితే హాని లేదు. బరువు తక్కువగా ఉన్న శిశువుకు మాత్రం శరీర వేడి తగ్గకుండా గోరువెచ్చగా పట్టడం మంచిది. ఒకసారి వెచ్చబెట్టిన పాలను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టడం, రెండవసారి వెచ్చబెట్టడం చేయరాదు.

=== రూపంలో, వాసనలో మార్పులు ===

నిల్వ ఉన్న తల్లిపాలు పైన చిక్కగా, కింద పల్చగా విడిపోతాయి. ఇది విరుగుడు కాదు, తిప్పితే కలిసిపోతుంది. రంగు కొంచెం పసుపుగా గాని, నీలిఛాయగా గాని ఉండవచ్చు. ఫ్రీజరులో ఉంచిన కొందరి పాలకు సబ్బు వంటి వాసన వస్తుంది. లైపేజ్ కొవ్వును విడగొట్టడం వల్ల ఇలా జరుగుతుంది, ఈ పాలు హానికరం కావు. పుల్లని వాసన వచ్చినా, తిప్పినప్పటికీ కలవని ముక్కలు కనిపించినా ఆ పాలు చెడినట్లు భావించాలి.

== పట్టే విధానం ==

పాలసీసా కంటె గిన్నె లేదా చెంచా మేలు. సీసా రబ్బరు పీకలోని సందులు సరిగా శుభ్రపడవు. అదీగాక సీసాకు అలవాటుపడిన కొందరు శిశువులు తరువాత రొమ్ము పట్టడానికి ఇబ్బంది పడతారు.

తెలుగు ఇళ్ళలో ఇందుకు తగిన సాధనం పూర్వం నుండే ఉన్నది. ఒక వైపు సన్నని కొక్కెం వంటి నోరు ఉండే వెండి లేదా స్టీలు '''ఉగ్గుగిన్నె''' నేటి ఆసుపత్రులలో నవజాత శిశువులకు పాలు పట్టే పాత్రకు దగ్గరి బంధువు. ఆముదం, వస వంటి వాటిని తల్లిపాలలో రంగరించి ఉగ్గు పోసే ఆచారం ఆరు నెలలలోపు శిశువుకు తగదు. కాని ఆ గిన్నెను కడిగి, మరిగించి పిండి తీసిన పాలు పట్టడానికి నిరభ్యంతరంగా ఉపయోగించుకోవచ్చు. సన్నని నోటిలో పాలజిడ్డు నిలవకుండా ప్రతిసారీ శుభ్రం చేయాలి.

బిడ్డ మెలకువగా ఉన్నప్పుడే పాలు పట్టాలి. తలను, మెడను చేతితో ఆనించి ఒడిలో దాదాపు నిటారుగా కూర్చోబెట్టాలి. గిన్నె అంచును కింది పెదవి మీద ఆనించి, పాలు పెదవికి తగిలేటంత మాత్రమే వంచాలి. బిడ్డ నాలుకతో అందుకుంటుంది లేదా చప్పరిస్తుంది. గొంతులో పోయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. బిడ్డ నోరు మూసినా, ముఖం తిప్పుకున్నా చాలని అర్థం.

నెలలు నిండి పుట్టి, వారం దాటిన శిశువుకు రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు కావాలి. ఉదాహరణకు 4 కిలోల బిడ్డకు రోజుకు 600 మిల్లీలీటర్లు. ఎనిమిది పూటలుగా పంచితే పూటకు 75 మిల్లీలీటర్లు. ఇది ఒక అంచనా మాత్రమే, ఆకలి పూటపూటకు మారుతుంది. కనుక మొదట కొద్దిగా వెచ్చబెట్టి, అవసరమైతే మరికొంత వెచ్చబెట్టడం వల్ల పాలు వృథా కావు. పాలు సరిపోతున్నాయని తెలిపే ఆధారాలు బిడ్డ బరువు పెరగడం, రోజుకు ఆరు సార్లకు పైగా మూత్రం పోయడం.

పాలు తాగేటప్పుడు బిడ్డ నీలిరంగుకు మారినా, ఎగశ్వాస వచ్చినా, వరుసగా రెండుమూడు పూటలు తాగడానికి నిరాకరించినా, జ్వరం వచ్చినా, ఒళ్ళు చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

== తల్లిపాల నిధులు ==

సొంత తల్లి పాలు దొరకని శిశువులకు ఇతర తల్లులు దానం చేసిన పాలను అందించే కేంద్రాలను తల్లిపాల నిధులు లేదా తల్లిపాల బ్యాంకులు అంటారు. ప్రపంచంలో మొదటిది 1909లో వియన్నాలో ఏర్పడింది. ఆసియాలో మొదటిది 1989లో ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ చొరవతో ప్రారంభమైనది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో "ధాత్రి" తల్లిపాల బ్యాంకు ఏర్పడింది.

ఇటువంటి కేంద్రాలలో పాలను 62.5 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేసి, వెంటనే చల్లార్చుతారు. బ్యాంకులో వేడిచేసినప్పుడు ఇంట్లో ఎందుకు చేయకూడదన్న ప్రశ్నకు సమాధానం సులభం. అక్కడ ఒక తల్లి పాలు మరొక తల్లి బిడ్డకు చేరుతాయి. దాతకు రక్తపరీక్షలు చేసినప్పటికీ వ్యాధి సంక్రమించే అవకాశాన్ని తొలగించడానికి, కొంత రక్షక గుణాన్ని వదులుకొని వేడిచేస్తారు. ఆ వేడి కూడా మరిగే స్థాయికి చాలా తక్కువ. సొంత బిడ్డకు ఇచ్చే పాలకు సాధారణంగా ఆ అవసరం లేదు. ఇదే కారణం వల్ల పరీక్షలు లేకుండా ఇరుగుపొరుగు వారి పాలను బిడ్డకు పట్టడం మంచిది కాదు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2017లో వెలువరించిన మార్గదర్శకాలలో దానపు పాల కేంద్రాలతో పాటు, తల్లి తన పాలను పిండి తన బిడ్డ కోసమే భద్రపరచుకొనే చిన్న విభాగాలను కూడా ప్రతిపాదించింది. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనాయి. బిడ్డ వైద్యం కోసం వరంగల్‌కు, హైదరాబాదుకు వెళ్ళవలసిన అవసరం తగ్గేకొద్దీ పాలు ప్రయాణించవలసిన దూరం కూడా తగ్గుతుంది.

== చట్టాలు ==

* శిశువుల పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ భారత పార్లమెంటు 1992లో చట్టం చేసింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేసింది.
* ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో జరిగిన సవరణ వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుండి 26 వారాలకు పెంచింది. మొదటి ఇద్దరు పిల్లలకు ఇది వర్తించింది. 50 మంది లేదా అంతకంటె ఎక్కువ మంది పనిచేసే సంస్థలలో శిశుసంరక్షణ గదిని తప్పనిసరి చేసింది. రోజువారీ కూలికి వెళ్ళే స్త్రీలకు ఈ సెలవు ఆచరణలో అందదు. పాలు పిండి ఉంచే పద్ధతి వారికే ఎక్కువ అవసరం.
* తల్లిపాలను శుద్ధి చేయడానికి, అమ్మడానికి అనుమతి లేదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2024లో స్పష్టం చేసింది.

ఆశా కార్యకర్త శిశువు పుట్టిన 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి వచ్చి చూడవలసి ఉంటుంది. పాలు పిండే పద్ధతిని, గిన్నెతో పట్టడాన్ని ఆ సందర్భాలలో ఆమె సమక్షంలో ఒకసారి చేసి చూపించి, లోపాలుంటే సరిదిద్దుకోవచ్చు. తల్లికి దీర్ఘకాల వ్యాధి ఉన్నప్పుడు, మందులు వాడుతున్నప్పుడు పాలు ఇవ్వవచ్చునా అన్నది వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

== ఇవి కూడా చూడండి ==

* తల్లిపాలు
* ముర్రుపాలు
* నవజాత శిశువు
* నీలోఫర్ ఆసుపత్రి
* పాశ్చరీకరణ